కోడ్ పన్నెండు

తుపాను వచ్చిన మూడు రోజులూ పాత వాషర్‌మెన్‌పేట్‌లో సెల్‌ఫోన్లు పనిచేయలేదు. దొరస్వామి ఇంటి కింది అంతస్తు గోడౌన్‌లోకి మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. లైనింగ్ గుడ్డ బేళ్లు తడిశాయి. మొదటి అంతస్తు కిటికీలోంచి ఆయన భార్య మునెమ్మ కిందికీ పైకీ అరిచింది. రెండో అంతస్తులో ఉన్న పెద్దకొడుకు గిరికి ఆ అరుపు వినిపించలేదు. వాన చప్పుడు అంతగా ఉంది.

నీళ్లు తీసిన వారానికి దొరస్వామి గిరిని పిలిచాడు.

"పోలీసోళ్ల చేతిలో ఉంటాదే, వాకీటాకీ. ఇంటికి నాలుగు తీసుకురా. సెల్లును నమ్ముకొని ఇంగ కూర్చోలేము."

గిరి ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు పోయాడు. నాలుగు కొట్లు తిరిగి ఐదో కొట్లో నిలబడ్డాడు. కౌంటర్ వెనకున్న సుందర్‌రాజ్ రెండు పెట్టెలు తీసి ముందు పెట్టాడు. ఒక్కో పెట్టెలో రెండు సెట్లు.

"ఎంత దూరం పోతాదన్నా?"

"పెట్టె మింద ఐదు కిలోమీటర్లని ఏసిండారు. సముద్రంలో పడవ మింద పోతా మాట్లాడితే పోతాది. మీ పేటలో గోడలుండాయి గదా. మూడు వీధులు దాటితే గొప్ప."

"దీనికన్నా పెద్దది లేదా?"

"ఐదు వాట్లది ఉండాది. దానికి లైసెన్స్ కావాల. లేకుండా మాట్లాడితే తక్కింది స్టేషన్‌లో కూర్చొని మాట్లాడుకోవచ్చు. ఇంట్లోకి అర వాట్ చాలు, దీనికి లైసెన్స్ అక్కర్లేదు. ఎన్ని అంతస్తులు?"

"కిందిదాంతో కలిపి నాలుగు."

"సెరి. గొడవ పెట్టుకునేదానికి మెట్లెక్కే పని తప్పుతాది, తీసుకో."

గిరి నవ్వాడు. సుందర్‌రాజ్ ఒక సెట్టు చేతికిచ్చి మీటలు చూపించాడు. మాట్లాడేటప్పుడు పక్క మీట నొక్కి ఉంచాలి, వినేటప్పుడు వదలాలి. ఇద్దరూ ఒకే ఛానల్‌లో ఉండాలి.

"దగ్గర్లో ఎవురైనా అదే ఛానల్ వాడతా ఉంటే వాళ్ల గోల మీ ఇంట్లో ఇనపడతాది. అప్పుడు కోడ్ పెట్టుకోండి. ఆ కోడ్ ఉండే సెట్టు పలికితేనే మీ సెట్టు నోరు తెరుస్తాది."

"ఓహో. ఏటీఎం నంబర్ మాదిరి."

సుందర్‌రాజ్ అప్పటికే ఇంకో గిరాకీ వైపు తిరిగాడు.

ఆ ఆదివారం సెట్లు బిగించారు. ఒకటి గోడౌన్‌లో గిరి బల్ల మీద. ఒకటి మొదటి అంతస్తులో మునెమ్మ వంటింటి గూట్లో. ఒకటి రెండో అంతస్తులో గిరి భార్య రంజని దగ్గర. నాలుగోది మూడో అంతస్తులో శ్రీప్రియకు.

శ్రీప్రియ చిన్నకొడుకు జయరామ్ భార్య. జయరామ్ రెండేళ్ల కింద గోడౌన్‌లో బేళ్లు దించుతూ కూలిపోయాడు, గుండె ఆగింది. అప్పటినుంచి శ్రీప్రియ, ఏడేళ్ల కూతురు అక్షయ పై అంతస్తులో ఉంటున్నారు. ఆమెకు పుట్టింటి వైపు మిగిలింది అన్న కోదండరాం ఒక్కడే. మాధవరం పాలకాలనీలో ఒక గది ఇంట్లో భార్యతో, ముగ్గురు పిల్లలతో ఉంటాడు.

గిరి సెట్టు పట్టుకొని వీధి చివరికి నడిచాడు. రెండో మలుపు దాకా మాట వచ్చింది, మూడో మలుపులో పోయింది. ఇంట్లో మాత్రం కింది నుంచి పై దాకా స్పష్టంగా పలికింది. మునెమ్మకు అది నచ్చింది. ఫోన్‌లో ఆమెకు పేర్లు వెతకడం రాదు. ఇందులో ఒక మీట నొక్కితే చాలు.

"మేడమింద ఉండావా?" అని పిలిచేది. మేడమింద, అది శ్రీప్రియకు ఆమె పెట్టిన పేరు.

"ఉండా అత్తా."

"ఒక్క కూతకే పలకాల. రెండోసారి పిలిపించుకోవద్దు. దిగిరా, చింతపండు నానేసిండా."

రోజుకు పది పన్నెండు కూతలు వచ్చేవి. చింతపండు, ఆరిన గుడ్డలు, మామ కాళ్లకు నూనె. శ్రీప్రియ రెండు అంతస్తులు దిగి ఎక్కేది.

కొన్ని రోజులకు ఆ ఛానల్‌లోకి పక్క వీధి కల్యాణ మండపం కాపలావాళ్ల మాటలు రావడం మొదలైంది. గిరికి కోడ్ గుర్తొచ్చింది. రాత్రి భోజనాల దగ్గర తండ్రికి చెప్పాడు. దొరస్వామికి వెంటనే ఇంకో ఉపయోగం తట్టింది.

"మనం మాట్లాడుకునేది మేడమీదికి పోకుండా చెయ్యొచ్చునా?"

"చెయ్యొచ్చు. మన మూడిటికీ కోడ్ పన్నెండు పెడతా. ఆమెదాన్ని అట్లనే సున్నాలో, కోడ్ లేకుండా వదిలేస్తా. ఆమెను పిలవాలంటే సున్నా పెట్టుకోండి, పనైనాక మళ్లా పన్నెండు."

"వేరే ఛానల్‌కు పోతే చాలదా?" అంది రంజని.

"ఛానల్ ఎవురైనా తిప్పొచ్చే. కోడ్ అంటే బీగం."

కోడ్ బీగం కాదు. కోడ్ పెట్టిన సెట్టు ఇతరుల మాట తనలోకి రానివ్వదు, అంతే. కోడ్ పెట్టని సెట్టుకు ఆ ఛానల్‌లో ఎవరు మాట్లాడినా వినిపిస్తుంది. పెట్టెలో వచ్చిన కాగితంలో ఇది అచ్చయి ఉంది. గిరి పెట్టెల్ని గోడౌన్ అటక మీద పడేశాడు.

మర్నాడు మధ్యాహ్నం శ్రీప్రియ బియ్యం ఏరుతుంటే సెట్టు పలికింది. మునెమ్మ గొంతు. పిలుస్తోందనుకొని ఆమె మీట నొక్కింది.

"ఉండా అత్తా."

మునెమ్మ ఆగలేదు. "మొగుణ్ణి మింగి మూడో అంతస్తులో కూర్చొనుండాది. బిడ్డ లేకుంటే ఎప్పుడో పంపేసిందును" అంది. రంజని ఏదో అని నవ్వింది.

"అత్తా, నాకు ఇనపడతా ఉండాది" అంది శ్రీప్రియ.

వాళ్లు మాట్లాడుతూనే ఉన్నారు. ఇంకోసారి పిలిచి చూసింది. తన మాట వాళ్లకు చేరడం లేదని, వాళ్ల మాట తనకు చేరుతున్నదని తెలుసుకోవడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. శబ్దం తగ్గించి సెట్టు చెవికి ఆనించుకుంది. బియ్యం అలాగే ఉండిపోయాయి.

ఆ వారంలోనే అక్షయకు బడి నుంచి వచ్చేసరికి జ్వరం కాసింది. ఒళ్లు కాలుతుంటే శ్రీప్రియ మాత్రల కోసం కిందికి పిలిచింది. ఈసారైనా చేరుతుందేమోనని మూడుసార్లు పిలిచింది. చివరికి బిడ్డను చంకనేసుకొని దిగింది.

"ఏందే, ఇట్ల మోసుకొని వస్తివి? రేడియో ఇచ్చిండేది ఎందుకు, పిలవొచ్చు గదా" అంది మునెమ్మ.

"పిలిచినా అత్తా."

"మాకేమీ ఇనపళ్లేదే. నొక్కేది కూడా చేతకాకపోతే ఎట్ల?"

శ్రీప్రియ మాత్రలు తీసుకొని పైకి పోయింది. అప్పటికి ఆమెకు ఒక సంగతి తెలుసు. వాళ్లకు తెలియని సంగతి అది ఒక్కటే. దాన్ని ఖర్చు చేయదలచుకోలేదు.

రోజూ వింది. తన వంట గురించి, తన అన్న గురించి, సెల్‌లో తను ఎవరితో మాట్లాడుతుందో అక్షయను అడిగితే ఆ పిల్ల ఏం చెప్పిందో వింది. ఒక సాయంత్రం గిరి వకీలు దగ్గరికి పోయి వచ్చి, గోడౌన్ నుంచే తండ్రికి చెప్పాడు.

"మనం తరమకూడదంట నాయనా. తరిమితే కోర్టు మళ్లా తెచ్చి ఇంట్లో కూర్చోబెడతాదంట."

"మరి?"

"ఆమంతట ఆమె పోవాల. బిడ్డను ఇడిచిపెట్టి గడప దాటిందంటే కథ వేరే. తల్లి ఇడిచిపెట్టింది, తాత అవ్వ సాకతా ఉండారు, అని గట్టిగా నిలబడొచ్చునంట."

"జయరామ్ బిడ్డ ఈడే ఉండాల. అది యాడికన్నా పోనీ" అంది మునెమ్మ. ఆమె మొగుడి పక్కనే నిలబడి వింటోంది.

ఆ రోజు నుంచి శ్రీప్రియ ఒక పద్ధతి పెట్టుకుంది. అక్షయ ఇంట్లో ఉన్నప్పుడు గడప దాటదు. కూరగాయలు, గ్యాస్, బ్యాంకు, ఏ పనైనా బిడ్డ బడిలో ఉన్నప్పుడే. తిరిగి వచ్చేటప్పుడు బడి గేటు దగ్గర నిలబడి బిడ్డను చేయి పట్టుకొని తీసుకొస్తుంది. ఇంట్లోపల మాత్రం బిడ్డను ఆపలేదు. అక్షయ సాయంత్రం అవ్వ దగ్గరికి దిగి టిఫిన్ తిని, టీవీ చూసి, చీకటి పడేలోగా పైకి వస్తుంది. అంతా ఒకే ఇల్లు, ఒకే మెట్లు, ఒకే గేటు.

మునెమ్మ పని మొదలుపెట్టింది. సెట్టును సున్నాకు తిప్పి పిలిచింది.

"మేడమింద ఉండావా? కరేపాకు లేదు. సందు చివర తెచ్చి ఇయ్యి. పాప నా దగ్గర ఉండాదిలే."

శ్రీప్రియ దిగి వచ్చి అక్షయ చేయి పట్టుకుంది. "రా పాపా, కరేపాకు తెస్తాము."

"టీవీ చూస్తా ఉంది గదా, దాన్నెందుకు ఈడ్చకపోతావు?"

"నడిస్తే మంచిది అత్తా."

మర్నాడు కొబ్బరికాయ. ఆ మర్నాడు మామకు మందు. మూడుసార్లూ అక్షయ తల్లి వెంట పోయింది. మూడోసారి దొరస్వామి గేటు దగ్గర కుర్చీలో కూర్చొని వాళ్లిద్దరూ పోవడం, రావడం చూశాడు. లోపలికి పోయి భార్యతో మెల్లగా అన్నాడు.

"దానికి తెలుసు."

"ఎవురు చెప్తారు? రంజనా?"

"చూస్తాము."

ఆ రాత్రి పన్నెండో కోడ్‌లో ఆయన గిరిని పిలిచాడు. "రేపటి నుంచి రెండు దినాలు మోటార్ ఎయ్యను. తొట్టి కడగాల. మీరు పట్టి పెట్టుకోండి. పైన చెప్పొద్దు, ఎండనీ."

తొట్టి కడిగే పని ఏమీ లేదు. పొద్దున్నే ఆయన యాంటెన్నా చూడాలని చెప్పి మూడో అంతస్తుకు ఎక్కాడు. శ్రీప్రియ తలుపు తెరిచి ఉంది. బకెట్లు నిండా నీళ్లు. బిందెలు నిండా నీళ్లు. కుక్కర్‌లో, సాంబారు గిన్నెలో, అక్షయ బడికి తీసుకుపోయే సీసాలో నీళ్లు.

"నీళ్లు బాగా పట్టినట్టుండావే" అన్నాడు.

శ్రీప్రియ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఊరికే మామా."

"మంచిది, మంచిది" అని దిగిపోయాడు.

గోడౌన్‌లో మూడు సెట్లూ ఆపించి, తలుపు మూసి, కొడుకును కూర్చోబెట్టాడు. గిరి అటకెక్కి పెట్టె వెతికి కాగితం తీశాడు. చదివి ముఖం తుడుచుకున్నాడు.

"తప్పు నాదే నాయనా. వేరే ఛానల్‌కు మారుస్తా, ఒక నిమిషం."

"ఏమీ మార్చొద్దు."

"అన్నీ ఇంటాది."

"ఇననీ. మనం పిలిస్తే బిడ్డను పట్టుకొని వస్తాది. మనం చెప్పేది ఏదీ నమ్మదు. మనం దాచిపెట్టేది నమ్ముతాది."

గిరి కాగితం మడిచాడు. ఆ తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది రేడియోలో కాదు.

గురువారం సాయంత్రం అక్షయ ఎప్పటిలాగే మొదటి అంతస్తుకు దిగింది. రంజని అక్కడ ఉంది.

"దాగుడుమూతలు ఆడదామా పాపా? మీ అమ్మ వెతకాల, మనం దాక్కోవాల."

"యాడ?"

"గోడౌన్‌లో. బేళ్ల ఎనక. అమ్మ దిగతాది, అప్పుడు నవ్వకూడదు. నవ్వితే ఓడిపోయినట్టే."

"నేను నవ్వను పెద్దమ్మా, ప్రామిస్."

రంజని పిల్లను కిందికి తీసుకుపోయే ముందు మొదటి అంతస్తు తలుపుకు బయటినుంచి బీగం వేసింది. దొరస్వామి, మునెమ్మ లోపలే ఉన్నారు. గిరి సెట్టు తీసుకొని వీధి చివర రెండో మలుపులో నిలబడ్డాడు. మాట అందే దూరం అంతే.

మూడో అంతస్తులో శ్రీప్రియ దోసెలకు చట్నీ రుబ్బి జార్ కడుగుతోంది. సెట్టు గూట్లో ఉంది.

"అమ్మా, గిరిని. పాప రోడ్డు మింద పడిపోయినాది. బైకు కొట్టినాది."

"అయ్యయ్యో! యాడికి పోయినాదిరా అది?"

"రంజని ఐస్‌క్రీమ్‌కు తీసుకొచ్చినాది. తలకు తగిలినాది. ఆటోలో పెద్దాసుపత్రికి ఎత్తకపోతా ఉండాము. మీరూ రాండి."

"రక్తం పోతా ఉండాదా?"

"పోతా ఉండాది."

తర్వాత దొరస్వామి గొంతు. "పైన చెప్పొద్దండి. అది వస్తే ఆడ రచ్చ. ముందు డాక్టర్ చూడనీ, తర్వాత చెప్తాము."

మునెమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు బాగా వచ్చింది.

శ్రీప్రియ జార్ వదిలేసింది. సెల్ తీసుకొని చెప్పులు లేకుండా దిగింది. రెండో అంతస్తు తలుపు మూసి ఉంది. మొదటి అంతస్తు తలుపుకు బీగం. "అత్తా!" అని ఒకసారి తలుపు కొట్టింది. లోపల ఇద్దరూ మంచం మీద కదలకుండా కూర్చున్నారు. ఆమె మిగతా మెట్లు దిగింది.

గోడౌన్‌లో బేళ్ల వెనక అక్షయ తల్లి కాళ్ల చప్పుడు విన్నది. నవ్వు ఆపుకోలేక రెండు చేతులతో నోరు మూసుకుంది. గేటు తెరుచుకొని కొట్టుకుంది. పిల్ల భుజాలు అదురుతున్నాయి. రంజని ఆ భుజాల మీద చేయి వేసి నొక్కి పట్టింది. అవతల కాళ్ల చప్పుడు పోయేదాకా తీయలేదు.

ఆటోలో శ్రీప్రియ గిరికి చేసింది. మోగింది, ఎత్తలేదు. రంజనికి చేసింది. ఎత్తలేదు. ఆసుపత్రి ఎమర్జెన్సీ దగ్గర కూర్చున్న ఆమెకు పేరు చెప్పింది. అక్షయ, ఏడేళ్లు, బైకు కొట్టింది, తలకు.

"అట్ల ఎవురూ రాలేదేమ్మా."

"ఇప్పుడే తెచ్చినారు. ఆటోలో."

"చూడు, నువ్వే చూసుకో."

శ్రీప్రియ మంచం మంచానికీ పోయి చూసింది. తలకు కట్టు కట్టిన ఒక పిల్లవాడు ఉన్నాడు. పిల్ల లేదు. స్కాన్ గది దగ్గరికి పోయింది. మళ్లీ మొదటి చోటికి వచ్చింది. అప్పుడు గిరి ఫోన్ ఎత్తాడు.

"బావా, పాప యాడ? ఏ వార్డు?"

"పాపా? ఇంట్లో ఉండాది. టీవీ చూస్తా ఉండాది. నువ్వు యాడుండావు?"

ఆమె తిరిగి వచ్చేసరికి గేటుకు గొలుసు, బీగం. గేటు బయట రెండు సూట్‌కేసులు. వాటి మీద ఆమె చెప్పులు పెట్టి ఉన్నాయి. దొరస్వామి లోపల కుర్చీలో కూర్చొని ఉన్నాడు. ఎదురింటి మెట్ల మీద నలుగురు ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. వాళ్లకు వినపడేలా మాట్లాడాడు.

"బిడ్డను ఇంట్లో పెట్టి, ఒక మాట చెప్పకుండా పరిగెత్తినావే. యాడికి పోయింటివి?"

"మీరే చెప్పినారు మామా. పాపకు బైకు తగిలిందని."

"నేనా? నీకా? నిన్ను ఎవురన్నా పిలిచినారా?"

"రేడియోలో..."

"రేడియోలో నిన్ను పిలిచినామా? చెప్పు. నిన్ను పిలిచినామా?"

శ్రీప్రియ ఎదురింటి వైపు చూసింది. పిలవలేదు. పిలవలేదని చెబితే తర్వాతి మాట ఏమిటో ఆమెకు అర్థమైంది. ఆయనే ఆ మాట అన్నాడు.

"అంటే మేము ఇంట్లో మాట్లాడుకునేదంతా దొంగగా ఇంటా ఉంటివా? ఇన్ని దినాలుగా? ఇన్నారామ్మా, ఈ ఇంటికొచ్చిన కోడలు." ఎదురింటి ఆవిడ ఒకామె నోటి మీద చేయి పెట్టుకుంది.

"గేటు తీయండి మామా. పాపను చూసి పోతా."

"పోతా అన్నావు గదా. ఆ మాట అందరూ ఇన్నారు."

"అట్ల కాదు మామా. గేటు తీయండి."

"మీ అన్నకు ఫోన్ చేసిండా. మాధవరం నుంచి వస్తా ఉండాడు."

ఆమె గేటు పట్టుకొని ఊపింది. గొలుసు చప్పుడైంది. ఆ చప్పుడుకు మొదటి అంతస్తు కిటికీ దగ్గరికి అక్షయ వచ్చింది. చేతిలో ఐస్‌క్రీమ్ కప్పు ఉంది.

"అమ్మా! నేను గోడౌన్‌లోనే ఉంటి! నువ్వు చూడనే లేదు!"

శ్రీప్రియ తల ఎత్తింది. పిల్ల తలకు దెబ్బ లేదు. చేతులకు దెబ్బ లేదు. అంతా చూసింది.

"పాపా, కిందికి రా."

"నేను నవ్వనే లేదు. పెద్దమ్మను అడుగు. నేనే గెలిచినా గదా?"

"ఆమా, నువ్వే గెలిచినావు. దిగిరా కన్నా. అమ్మ దగ్గరికి రా."

అక్షయ వెనక్కి తిరిగి లోపల ఎవరినో అడిగింది. ఎవరో ఏదో చెప్పారు. పిల్ల మళ్లీ కిటికీ కమ్మీల మధ్య ముఖం పెట్టింది.

"ఇప్పుడు నీ వంతంట అమ్మా. నువ్వు పోయి దాక్కోవాలంట. దూరంగా పో, నేను చూడను."

పిల్ల కప్పు గట్టు మీద పెట్టి, రెండు చేతులతో కళ్లు మూసుకొని, ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మునెమ్మ చేయి వచ్చి కిటికీ తలుపు వేసింది.